ఇర్కల్ మొక్క

ఉట్నూరు,
23 జూన్ 2024

వదినకు శరణార్థి, నమస్కారాలు.

క్షేమంగానే చేరాను. ఉట్నూరులో బస్సు దిగి ఆటోలో ఇంకా చాలా లోపలికి రావాలి. ట్రస్టు వాళ్లు హాస్టల్ అంటే ఏదో భవనం అనుకున్నాను. చుట్టూ టేకు చెట్లు, మధ్యలో రేకుల షెడ్లు, ఒక బోరింగు, అరవై మంది ఆడపిల్లలు. రిటైరయ్యాక కూడా వార్డెన్ పని నెత్తికెత్తుకున్నందుకు నన్ను నేనే తిట్టుకుంటున్నాను. కానీ ఆయన పోయాక ఆ ఇంట్లో ఒక్కదాన్నే గోడలు చూస్తూ ఎన్నాళ్లు కూర్చుంటాను? ఏప్రిల్ వరకే కదా.

ఫోను సిగ్నలు కావాలంటే ఇక్కడ నీళ్ల ట్యాంకు ఎక్కాలి. ఎక్కి గొంతు చించుకున్నా అవతల నీ చెవికి చేరేది సగమే. అందుకే ఉత్తరాలు రాసుకుందాం. నువ్వు కొత్తపెళ్లికూతురిగా పుట్టింటికి పోయినప్పుడు మా అన్నయ్య చెబుతుంటే రాసింది నేనే కదా. ఆయన "మంచిగున్నవా" అని మాత్రమే అనేవాడు. మిగిలినదంతా నా సొంత కవిత్వం. నలభై ఏళ్ల తర్వాత చెబుతున్నాను, ఏమీ అనుకోకు.

అసలు సంగతికి వస్తాను. మొక్క.

నర్సరీ వాళ్లు దాన్ని కలాతియా అన్నారు. మా ఆయన, అదే మీ గిరీశ్ అన్నయ్య, మాత్రం ఇర్కల్ మొక్క అనేవారు. ముదురాకుపచ్చ మీద సన్నటి గులాబీ గీతలు, అచ్చం నా పెళ్లినాటి ఇర్కల్ చీరలాగే ఉన్నాయట. ఆకు తిప్పితే వెనక వంకాయ రంగు. దాన్ని వెనక కిటికీ దగ్గర స్టూలు మీదే ఉంచు. ఎండ సూటిగా తగలకూడదు. మట్టిలో వేలు పెట్టి చూసి, పైన ఆరితేనే నీళ్లు పొయ్యి. నల్లా నీళ్లు వద్దు, ఆకుల అంచులు మాడిపోతాయి. వాన నీళ్లు పట్టి పెట్టుకో, లేదంటే క్యాన్ నీళ్లు. తడిబట్టతో ఆకులు తుడువు. ఎరువు వద్దు. అన్నిటికంటే ముఖ్యం, అన్నయ్య చేతికి మాత్రం ఇవ్వకు. ఆయనకు మొక్క అంటే పంట. గుప్పెడు యూరియా, మడి నిండా నీళ్లు.

అనితను తీసుకెళ్లమంటే హైదరాబాదులో దాని గదికి కిటికీయే లేదంది. నా కూతురి సంగతి నీకు తెలుసు కదా. ఇక నువ్వే దిక్కు. నా దగ్గర ఆయన వస్తువులు చాలా ఉన్నాయి వదినా. కళ్లద్దాలు, చేతిగడియారం, చెప్పులు కూడా పారేయలేదు. కానీ వాటిల్లో ప్రాణం ఉన్నది ఈ ఒక్కదానికే. నేను వచ్చేదాకా దాన్ని కాపాడి పెట్టు. నేను నిన్ను ఇంతకు మించి ఏమీ అడగను.

అన్నయ్య మంచం దిగుతున్నాడా? రాయి.

నీ
బస్వమ్మ


జహీరాబాద్,
14 జూలై 2024

బస్వమ్మకు నీ వదిన ఆశీస్సులు.

ఉత్తరం అందింది. చదువుతుంటే మళ్లీ నీ క్లాసులో కూర్చున్నట్టే ఉంది. వేలు పెట్టు, బట్టతో తుడువు, ఎండకు పెట్టకు! ఇద్దరు పిల్లలను, ఒక జత ఎడ్లను, మీ అన్నను సాకినదాన్ని నేను. ఒక మొక్కను సాకలేనా? అయినా పెద్ద టీచరమ్మవు, నీ మాట ప్రకారమే చేస్తున్నాను.

మొదటి రోజు మాత్రం నా ప్రాణం పోయినంత పనైంది. దీపం పెట్టే వేళకు చూద్దును కదా, పొద్దున చాపలా పరుచుకున్న ఆకులన్నీ నిక్కబొడుచుకుని ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయి. చీర తిరగేసి కట్టినట్టు వెనక వైపు రంగు అంతా బయటపడింది. అయిపోయింది, మరదలి మొక్క వచ్చిన రోజే పోయిందనుకుని చెంబెడు నీళ్లు కుమ్మరించాను. "ఓ, జర ఇట్లొచ్చి చూడు" అని మీ అన్నను కేకేశాను. ఆయన మంచం మీద నుంచి లేవనే లేదు. "పొద్దుగూకింది గదనే. అది గూడ పండుకుంటది. పండుకోనియ్యి" అన్నాడు. తెల్లారి చూస్తే నిజమే, ఆకులు మళ్లీ విచ్చుకుని నవ్వుతున్నాయి.

ఆ రోజంతా ఆయన నోటి నుంచి వచ్చిన మాటలు అవే బస్వమ్మా. మన చెలక, ఆ చేనంతా ఫ్యాక్టరీలకు పోయి రెండేళ్లు నిండాయి. ఇప్పటికీ వాకిట్లో మంచం వేసుకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చుంటాడు. తినమంటే తింటాడు. అడిగితే ఊఁ అంటాడు. పిలవకపోతే సాయంత్రం దాకా అలాగే ఉంటాడు. సంతోష్ కూడా పనికి పోయేటప్పుడు "నాయ్న, జర బజార్ల తిరిగి రారాదు" అని చెప్పి చెప్పి ఊరుకున్నాడు.

నిన్న ఆకులు తుడుస్తుంటే పక్కింటి అనంతమ్మ చూసి, "గింత సేవ మీ అత్తకు జేసినవానే శివమ్మా?" అంది. "మా అత్త గింత సప్పుడు లేకుంట ఉంటే చేసేదాన్నే" అన్నాను. మీ అమ్మ గురించే అనుకో. నువ్వు ఒంటికాలి మీద లేవకు.

ఉంటాను. అక్కడ చీకటి పడ్డాక బయట తిరగకు.

శివమ్మ


ఉట్నూరు,
25 ఆగస్టు 2024

వదినకు శరణార్థి.

మా అమ్మను అన్నందుకు నీతో తర్వాత తేల్చుకుంటాను. నీ ఉత్తరం పిల్లలకు చదివి వినిపిస్తే పొట్ట పట్టుకుని నవ్వారు. చెంబెడు నీళ్లు పోశాననే దగ్గర మాత్రం నాకు నవ్వు రాలేదు.

ఆకులు ముడుచుకోవడం దాని గుణం. ముందే చెప్పాల్సింది, మరిచిపోయాను. చివరి నెలల్లో ఆయన మంచంలో పక్కకు తిరగలేకపోయేవారు కదా, ఎదురుగా కిటికీలో ఆ మొక్కే కనబడేది. తెల్లవారుతుంటే ఆకులు ఒక్కొక్కటిగా వంగుతాయి. నేను టీ పట్టుకుని వెళ్లేసరికి, "లేచిందే బస్వా, ఇగ మనం గూడ లేద్దాం" అనేవారు. ఆయన లేవలేరని ఇద్దరికీ తెలుసు. అయినా రోజూ అనేవారు, నేను రోజూ "లెవ్వుండ్రి మరి" అనేదాన్ని. ఇప్పుడు ఇక్కడ పొద్దున్నే పిల్లలను లేపుతుంటే ఆ మాటే నా నోటికొస్తోంది.

నిన్న భోజనాల దగ్గర ఒక పిల్ల "మేడమ్, మీ ఊర్ల పెద్ద పండుగేంది?" అంది. ఎళ్ల అమావాస్య అని చెప్పాను. ఆ పేరే వినలేదట. ఇక చెప్పక తప్పుతుందా? తెల్లవారుజామునే బండి కట్టడం, బుట్టల్లో సజ్జ రొట్టెలు, కడుబులు, అన్ని కాయగూరలూ పప్పులూ వేసి ఉడికించిన భజ్జి, కుండలో పుల్లటి జొన్న అంబలి. న్యాల్‌కల్ చెలకలో జొన్న చొప్పతో చిన్న గుడిసె కట్టి, ఐదు రాళ్లు పెట్టి పూజ చేయడం. తర్వాత అన్నయ్య అంబలి చెంబు పట్టుకుని చేను చుట్టూ తిరుగుతూ భూమికి నైవేద్యంగా చరగ చల్లడం, ఆయన వేసే కేక పక్క ఊరి దాకా వినబడటం. ఆ గొంతు ఎంత పెద్దదో గుర్తుందా వదినా? అన్నీ చెబుతుంటే నాకే ఆకలేసింది.

కొత్త అల్లుడిగా మొదటిసారి వచ్చినప్పుడు ఈయన భజ్జి మీద భజ్జి తిని చొప్ప కుప్ప మీదే గుర్రు పెట్టారు. పట్నంలో పెరిగినవారు కదా. అన్నయ్య ఊరుకున్నాడా? నిద్దట్లోనే బావ నెత్తిన ఒక చెంబు అంబలి పోసి, "గీయన గూడ మన భూమే, తడవనీ" అన్నాడు. ఆ రోజు నుంచి ఇద్దరూ విడదీయరాని దోస్తులు. ఒకరు ఉన్నారన్న మాటే గానీ మంచం దిగరు. ఒకరు లేరు.

చేతికి వచ్చింది రాసేస్తున్నాను, తిట్టుకోకు. మొక్కకు ఎన్ని ఆకులు ఉన్నాయో, కొత్తది చుట్టుకుని వస్తోందో లేదో రాయి.

బస్వమ్మ


జహీరాబాద్,
20 అక్టోబరు 2024

బస్వమ్మకు ఆశీస్సులు.

దసరాకు నువ్వు రాలేదు. జమ్మి ఆకు నీ పేరున ఒకటి తీసి పెట్టాను. ఉత్తరంలో పెడుతున్నాను, పొడైపోకుండా చేరితే కళ్లకద్దుకో.

మొక్క బాగుంది. వానాకాలం దానికి బాగా పడింది. కొత్త ఆకు ఒకటి బీడీలా చుట్టుకుని వచ్చి విప్పుకుంది. గీతలు ఇంకా ఎర్రగా ఉన్నాయి.

ఒక సంగతి అడగాలి. మొన్న నేను వంటింట్లో ఉంటే మీ అన్న మంచం దిగి లోపలికి వచ్చాడు. నీళ్లకు వచ్చాడేమో అనుకున్నాను. చూస్తే కిటికీ దగ్గర నిలబడి కుండీలో వేలు పెట్టాడు. ఇంత మట్టి తీసి అరచేతిలో నలిపి వాసన చూశాడు.

"ఈ మన్ను యాడిదే?" అన్నాడు.

"నర్సరీది. మీ చెల్లె ముట్టద్దన్నది, చెయ్యి తియ్యి" అన్నాను.

తీశాడు. కానీ చెయ్యి కడుక్కోలేదు. అలాగే పోయి మంచం మీద కూర్చున్నాడు. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే కిటికీ దగ్గరకు వస్తున్నాడు. స్టూలు పక్కన కింద కూర్చుని దాన్ని చూస్తాడు. మొన్న ఆకుల మీద దుమ్ము తనే తుడిచాడు. నాకు లోపల సంబరంగానే ఉంది. కానీ ఎక్కడ యూరియా తెచ్చి పోస్తాడోనని భయం. అసలే నువ్వు ఇవ్వొద్దన్నావు. నేనేం చెయ్యాలి? రానివ్వనా, తరిమెయ్యనా?

ఇంకో మాట, ఆ మన్ను నిజంగానే నర్సరీదేనా? ఆయన అడిగిన తీరు నాకు ఎందుకో వింతగా అనిపించింది.

శివమ్మ


ఉట్నూరు,
17 నవంబరు 2024

వదినకు,

ఇక్కడ పిల్లలకు జ్వరాలు. దవాఖానకు తిప్పలేక నా పని అయిపోతోంది. అందుకే పొడిగా రాస్తున్నాను.

మొక్క దగ్గరకు అన్నయ్యను రానివ్వకు. చూస్తే చూడనీ గానీ మట్టిలో చెయ్యి పెట్టనివ్వకు, మట్టి తీయనివ్వకు. కుండీ పైన గులకరాళ్లు పరిచెయ్యి. మట్టి ఎక్కడిదైతే ఏంటి? మట్టి మట్టే. దాని గురించి అన్నయ్యతో మాట్లాడకు. ఇంతకంటే ఎక్కువ నన్ను అడగొద్దు.

జమ్మి ఆకు అందింది.

బస్వమ్మ


జహీరాబాద్,
5 జనవరి 2025

బస్వమ్మకు,

నీ ఉత్తరం చూశాక మళ్లీ రాయబుద్ధి కాలేదు. నీ సొమ్ము నేనేదో తినేస్తున్నట్టు రాశావు. సొంత అన్న వేలు పెడితే తప్పా? గులకరాళ్లు పరిచాను. ఇప్పుడు సంతోషమేనా?

పిల్లలకు జ్వరాలు తగ్గాయా? ఇక్కడ చలి బాగా ఉంది. కందులు బాగా పండాయట, సంతల్లో రాశులు పోశారు. పండుగ అయింది.

మొక్క ఉంది.

శివమ్మ


ఉట్నూరు,
26 జనవరి 2025

వదినా,

జెండా వందనం అయ్యాక అనిత వచ్చింది. దాని స్నేహితురాలి పెళ్లికి జహీరాబాద్ వచ్చినప్పుడు మీ ఇంటికి వెళ్లి ఫోటో తీసుకొచ్చింది. చూశాను.

"మొక్క ఉంది" అని రాశావు. ఇదా వదినా ఉండటం? ఆకులన్నీ పసుపు పచ్చగా వేలాడుతున్నాయి. కాడలు మెత్తబడ్డాయి. కుండీ కిటికీలో కాదు, డాబా మీద మండుటెండలో ఉంది. దగ్గరకు పోతే పులిసిన వాసన వచ్చిందని అనిత చెప్పింది. మట్టి మీద తెల్లగా బూజు, చీమల బారులు. "అత్తను అడిగితే మొహం తిప్పేసుకుంది" అంది.

నేను ఏం అడిగాను నిన్ను? నగలు దాచమన్నానా? ఆయన రోజూ పొద్దున చూసుకున్న ఒక్క మొక్కను ఏప్రిల్ దాకా చూడమన్నాను. అన్నయ్య చేతికి ఇవ్వొద్దని మొదటి ఉత్తరంలోనే రాశాను, నవంబరులో మళ్లీ రాశాను. వినలేదు. దాన్ని ఏం చేశారు? ఎవరు చేశారు? ఏం పోశారు అందులో? నాకు నిజం కావాలి. దాచింది చాలు.

ఆయన రెండోసారి పోయినట్టు ఉంది నాకు.

బస్వమ్మ


జహీరాబాద్,
9 ఫిబ్రవరి 2025

బస్వమ్మా,

నిజమే రాస్తాను. చదివాక నన్ను తిట్టు, పడతాను. మీ అన్నను మాత్రం ఏమీ అనకు.

ఎళ్ల అమావాస్య ముందు రోజు ఆయన మంచం దిగి వంటింటి గడపలో నిలబడ్డాడు. "రేపు అమాస గదా. అంబలి వోస్తవా?" అన్నాడు. నేను విన్నది నిజమో కాదో అనుకుని మళ్లీ అడిగాను. నా చెవి సంగతి తెలుసు కదా. మళ్లీ అదే అన్నాడు. పోయిన రెండేళ్లు ఎవరు పిలిచినా పోలేదు. అనంతమ్మ వాళ్లు తమ చేనుకు రమ్మంటే, "పరాయోల్ల చేన్ల చరగ చల్లుడేంది?" అని తలుపు వేసుకున్నవాడు. అలాంటిది తనంతట తనే అడుగుతుంటే ఎందుకని అడుగుతానా? రాత్రికే అంబలి పులియబెట్టాను. పొద్దున భజ్జి, సజ్జ కడుబులు, రొట్టెలు చేశాను. ఎవరి చేనుకో పోదామంటాడేమో అనుకున్నాను.

ఆయన తలస్నానం చేసి, తెల్ల ధోవతి కట్టి, నెత్తికి రుమాలు చుట్టి, నీ కుండీని రెండు చేతులతో ఎత్తుకుని డాబా మీదకు పోయాడు. అక్కడ పెట్టి నేను పరిచిన గులకరాళ్లు తీసి పారేశాడు. చుట్టూ ఐదు రాళ్లు పెట్టాడు. అనంతమ్మ వాళ్ల గేదె ముందు నుంచి నాలుగు జొన్న కర్రలు తెచ్చి గుడిసెలా నిలబెట్టాడు.

"ఏం జేస్తున్నవయ్యా?" అన్నాను.

"పండుగ జేస్తున్న. చెంబియ్యి" అన్నాడు.

అప్పుడు నాకు అర్థమైంది. అంబలి పోస్తే నీ మొక్క బతకదని తెలుసు. చెంబు నా చేతిలోనే ఉంది. ఇవ్వను అంటే సరిపోయేది. నేను ఇచ్చాను బస్వమ్మా. ఆయన కుండీ చుట్టూ తిరుగుతూ అంబలి, మజ్జిగ, భజ్జి ముద్దలు అన్నీ ఆ మట్టికి పెట్టాడు. పెడుతూ కేక వేశాడు. ఆ కేకే, చెలకలో వేసేది. మందమైన నా చెవికి కూడా ఖంగుమని వినబడింది. చుట్టుపక్కల డాబాల మీద బట్టలు ఆరేసేవాళ్లందరూ తిరిగి చూశారు. కొందరు నవ్వారు. నాకు మొదట సిగ్గేసింది. తర్వాత ఏడుపొచ్చింది. తర్వాత నేను కూడా నవ్వాను. ఆయన అక్కడే కూర్చుని కడుపునిండా తిన్నాడు, సంతోష్‌ను పిలిచి పక్కన కూర్చోబెట్టి తినిపించాడు. ఆ నాలుగు రోజులు ఇంట్లో మనిషి తిరిగాడు. అల్లం రేటు అడిగాడు, బజారుకు పోయాడు, నన్ను తిట్టాడు కూడా.

మొక్క మాత్రం ఐదో రోజుకే తల వాల్చింది. ఎలా చెప్పాలో తెలియక "ఉంది" అని రాశాను. ఆయనకు కూడా చలికి అలా అయిందని చెప్పాను.

ఇప్పుడు అసలు నష్టం విను. నీ ఉత్తరం వచ్చినప్పుడు నేను కూరగాయలకు పోయాను. ఆయనే విప్పి చదువుకున్నాడు. "అన్నయ్య చేతికి ఇవ్వొద్దని" నువ్వు రాసింది, ఆయన రెండోసారి పోయినట్టు ఉందని రాసింది, అంతా చదివాడు. నేను వచ్చేసరికి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. "బావ మొక్కను నేను సంపిన్నానే?" అన్నాడు. అంతే. ఇప్పుడు వాకిట్లో మంచం కూడా లేదు, లోపలి గదిలోకి మారాడు. పిలిచినా ఊఁ అనడం లేదు. ముద్ద నోట్లో పెడితే తింటున్నాడు.

నీ మొక్క పోయింది, నా మనిషి మళ్లీ పోతున్నాడు. నాకు ఏం చెయ్యాలో తెలియడం లేదు.

శివమ్మ


ఉట్నూరు,
18 ఫిబ్రవరి 2025

వదినా,

నీ ఉత్తరం చదివి బయట అరుగు మీద కూర్చుని ఏడ్చాను. పిల్లలు ఎవరో పోయారనుకుని చుట్టూ మూగారు. మొక్క పోయినందుకు ఏడవలేదని అబద్ధం చెప్పను. దానికీ ఏడ్చాను. కానీ అన్నయ్య కేక వేశాడన్న దగ్గర ఎక్కువ ఏడ్చాను.

నిన్ను మట్టి గురించి అడగొద్దన్నాను కదా. ఇప్పుడు చెబుతున్నాను. అది నర్సరీ మట్టి కాదు వదినా. అది మన చెలకది.

చెలక చుట్టూ కంచె వేస్తారని తెలిసిన వారం. అన్నయ్య అప్పటికే, "ఆ చెలక పేరు ఇంట్ల ఎవ్వలన్న ఎత్తితే నా మీద ఒట్టే" అని అందరి నోళ్లూ మూయించాడు. ఈయన అప్పుడే మంచం పట్టారు. ఒక పొద్దున నన్ను పిలిచి, "మీ అన్న శరణప్ప ఎన్కకు తిరిగి చూడడు, ఆని మనసు ఇరిగింది. నువ్వన్న పోయి జరంత మన్ను తెచ్చుకో. మీ నాయన మన్ను అది" అన్నారు. బడికి సెలవు పెట్టి న్యాల్‌కల్ పోయాను. మనం అల్లం వేసే మడి దగ్గర, పుస్తకాలు మోసే సంచిలోనే నింపుకుని వచ్చాను. ఇసుక, కొబ్బరి పొట్టు కలిపి ఈ మొక్కను అందులో నాటింది ఆయన చేతులతోనే, పడుకునే. నేను కుండీ పట్టుకుంటే ఆయన మట్టి పోశారు.

ఎవరికీ చెప్పలేదు. అన్నయ్య ఒట్టు కదా. తెలిస్తే ఆ గాయం మళ్లీ రేగుతుందని భయం. అందుకే మొదటి నుంచి ఆయన చేతికి ఇవ్వొద్దని మొత్తుకున్నాను. యూరియా మాట ఒక సాకు. నువ్వు అక్టోబరులో, ఆయన వాసన చూశాడని రాయగానే ఆయనకు తెలిసిపోయిందేమో అనుకున్నాను. ఆ భయంతోనే నీకు అంత కటువుగా రాశాను. నీ మనసు నొప్పించాను వదినా.

అన్నయ్యకు చెప్పు. ఆయన చరగ చల్లింది నర్సరీ మట్టికి కాదు, తన చెలకకే. అంబలి పోసినందుకు ఈయనకు కోపం వచ్చేది కాదు. లేవగలిగితే పక్కన నిలబడి తనూ ఒక చెంబు పోసేవారు. ఈ మాట నేను ఓదార్పు కోసం రాయడం లేదు. నాకు ఆయన తెలుసు.

ఈ ఉత్తరం అన్నయ్యకు చదివి వినిపించు. ఒక్క ముక్క వదలకుండా.

బస్వమ్మ


జహీరాబాద్,
9 మార్చి 2025

బస్వమ్మకు నీ వదిన ఆశీస్సులు.

నీ ఉత్తరం మీ అన్న మంచం పక్కన కూర్చుని చదివాను. నాకు వినబడాలని గట్టిగా చదువుతాను కదా, ఆయనతో పాటు గల్లీ అంతా విన్నది. ఆయన గోడ వైపే తిరిగి ఉన్నాడు. సంచిలో మట్టి నింపుకున్న దగ్గరకు వచ్చేసరికి ఆపి చూశాను.

"నాకెరుకే" అన్నాడు.

"ఏమెరుక?"

"మన మన్నని ఎరుకే. ఏలు వెట్టిన్నాడే తెలిసింది. ఆ మన్నుల పుట్టి పెరిగిన, నాకు తెల్వదానే?"

నాకు ఒళ్లు మండింది. "మరి చెప్పవేంది ఇన్నొద్దులు? నేను ఆ మన్ను నర్సరీదని నీకు చెప్పుకుంట కూసున్న" అన్నాను.

ఇటు తిరిగాడు. "ఏమని చెప్పాలె? పేరెత్తద్దని ఒట్టేసినోణ్ణి నేనే. చెల్లె దాసుకున్నది. దాని దగ్గరున్నదే గంత. నేను బయట వెడితే, అండ్ల నాకు గూడ పాలున్నదని అడిగినట్టుండదా?" అన్నాడు. అని లేచాడు బస్వమ్మా. తనే లేచాడు.

డాబా మీదకు పోయి కుండీ బోర్లించాడు. ఆకులు, కాడలు అన్నీ కుళ్లిపోయాయి. కింద మాత్రం చిన్న చిన్న అల్లం ముక్కల్లాంటి దుంపలు ఉన్నాయి. మెత్తబడినవాటిని కత్తితో కోసి పారేశాడు. గట్టిగా ఉన్నవి రెండే మిగిలాయి. అల్లం విత్తనం పెట్టేటప్పుడు చేసినట్టే వాటిని కడిగి, కోసిన చోట బూడిద అద్ది, తడి ఇసుకలో పెట్టి నీడకు ఉంచాడు. రోజూ చూస్తున్నాడు. ఇప్పటికైతే ఏమీ లేదు. బతుకుతాయని నీకు ఆశ పెట్టను. ఒకసారి "ఉంది" అని రాసి చూశాను కదా.

మట్టిని మాత్రం గోనెసంచి పరిచి ఎండబోశాడు. పులుపు పోవాలట. రుమాలు చుట్టుకుని, కట్టె పట్టుకుని పక్కనే కూర్చుంటున్నాడు. గోరింకలను తోలుతాడు. పిల్లిని రానివ్వడు. గాలి వస్తే సంచి అంచులు ముడుస్తాడు. అన్నం కూడా అక్కడికే తెమ్మంటున్నాడు. నిన్న అనంతమ్మ తన డాబా మీద నుంచి, "ఏంది శరణప్పా, సాటెడు మన్నుకు గూడ కావలేనా?" అని నవ్వింది.

"మా చెలక గదమ్మా. కావలుండద్దా?" అన్నాడు.

మూడేళ్ల తర్వాత ఆయన నోట చెలక అన్న మాట విన్నాను. మెట్ల మీదే కూర్చుండిపోయాను.

నీ మొక్కను కాపాడలేకపోయాను. చెంబు ఇచ్చింది నేనే కాబట్టి ఆ మాట నేనే పడాలి. గిరీశ్ అన్నయ్యను తలుచుకుంటే నాకు కూడా గుండె బరువెక్కుతోంది. మళ్లీ ఆ రోజు వస్తే చెంబు ఇవ్వనా అంటే ఇస్తాననే అనుకుంటున్నాను. నువ్వు కోప్పడినా నిజమే రాస్తున్నాను.

కింద ఆయన కూడా రాస్తానన్నాడు. ఈసారి నీ కవిత్వం కలవలేదు, అంతా ఆయన సొంతమే.

శివమ్మ

చెల్లెకు,

బావ మొక్క నా చేతుల పాడైంది. మంచిగ జేసెటందుకు జూస్తున్న. మాట ఇయ్యలేను. మన్ను మాత్రం ఆరింది, వాసన వోయింది. అది నువ్వు మోసుకొచ్చుకున్నది. నువ్వొచ్చినంక అంత నీకే అప్పజెప్త. అండ్లకెల్లి నాకు గూడ జర ఒక దోసెడు ఇస్తవా?

శరణప్ప